ఆలే కాసెన్

2024 మార్చి 25, సోమవారం పొద్దున్న నాకు జ్వరం తగిలింది. తారీఖుతో సహా గుర్తుండేంత గొప్ప జ్వరమేం కాదది. ఆ వారం పంచాంగం అలాంటిది. శుక్రవారం గుడ్ ఫ్రైడే. పై సోమవారం, అంటే ఏప్రిల్ ఒకటో తారీఖు, ఈస్టర్ సోమవారం. రెండూ సెలవులే. బవేరియాలో బడులకి ఈస్టర్ సెలవులు సరిగ్గా నా జ్వరంతోపాటే మొదలయ్యాయి కాబట్టి, పిల్లలున్న డాక్టర్లంతా పిల్లల్ని కార్లో వేసుకుని కొండలెక్కేశారు. వీటన్నిటికీ తోడు అది మూడు నెలల గడువు ముగిసే వారం. ఈ ఆఖరి ముక్క సంగతి తర్వాత చెప్తాను. అసలు శని అదే.

మేముండేది మ్యూనిక్‌లో, మోజఖ్ అనే పేటలో. మూడు రోజుల దాకా ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి నోటిమాటగా చెప్తే చాలు. నాలుగో రోజుకి డాక్టరు కాగితం కావాలి. కాగితం అని మనం అలవాటుకొద్దీ అంటాం గానీ, 2023 నుంచి అది కాగితం కూడా కాదు. డాక్టరు కంప్యూటర్లో మీట నొక్కితే ఇన్సూరెన్సు వాళ్ళకి పోతుంది, ఆఫీసువాళ్ళు అక్కణ్ణుంచి తోడుకుంటారు. అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఫోన్లోనే సెలవు రాయించుకునే వెసులుబాటు కూడా ఉంది. చిన్న షరతేమిటంటే, ఆ డాక్టరుకి మనం ముందే తెలిసి ఉండాలి. మ్యూనిక్‌లో నాకు తెలిసిన డాక్టరు ఒక్కరే. మా పైవాటాలో ఉంటారు, కాలింగ్ బెల్లు మీద పేరుకి ముందు డాక్టర్ అని ఉంటుంది. ఆయన భూగర్భశాస్త్రంలో డాక్టరు.

"మిరియాల పాలు తాగి, నాలుగు పూటలు ఆవిరి పట్టి, దుప్పటి కప్పుకుని పడుకోండి. అదే పోతుంది," అంది మా ఆవిడ.

"నెలనెలా అంత డబ్బు కడుతూ ఆవిరెందుకు పట్టాలి?" అన్నాను.

నా బాధలో న్యాయం ఉంది. ఇక్కడ ఆరోగ్య బీమా సంగతి తెలిస్తే మీరూ ఒప్పుకుంటారు. మన కందుకూరి వారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన రెండేళ్ళకి, 1883లో, బిస్మార్క్ అనే పెద్దమీసాలాయన పెట్టిన ఏర్పాటిది. కార్మికులు సోషలిస్టుల వెనకాల పడి పోతున్నారని ఆయనకి బెంగ. రోగమొస్తే చూసుకునే పూచీ మనమే పెడితే ఇటువైపు తిరుగుతారని ఎత్తు వేశాడు. వాళ్ళు తిరగలేదు గానీ ఏర్పాటు మాత్రం రెండు యుద్ధాలు దాటుకుని నిలబడిపోయింది. ఇవాళ ఈ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అందులోనే ఉన్నారు. నడిపే సంస్థలు తొంభై పైచిలుకు. ఒక్కోదాన్ని కాసె అంటారు, బహువచనం కాసెన్. మన కాసుకీ దీనికీ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి. నా జీతం చీటీకి మాత్రం సందేహం లేదు. జీతంలో 14.6 శాతం, పైన ఇంకొంచెం. సగం నాది, సగం కంపెనీది. మా ఆవిడా పిల్లా నా కార్డు తోక పట్టుకుని ఉచితంగా దాటేస్తారు.

కార్డు వచ్చి అప్పటికి రెండేళ్ళు. దాని మీద నా ఫొటో ఉంది. దాన్ని వాడాల్సిన అవసరం రాలేదని సంతోషించానే తప్ప, వాడాలంటే ఎవరి దగ్గర వాడాలో ఆలోచించలేదు. ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు నేను దిగిన మొదటి వారమే చెప్పాడు: "అన్నా, ఒంట్లో బాగున్నప్పుడే ఒక హౌసార్ట్స్ట్‌ని పట్టుకోండి. జ్వరమొచ్చాక దొరకరు." హౌసార్ట్స్ట్ అంటే ఫ్యామిలీ డాక్టరని నాకు ఆ రోజు తెలీదు. ఆర్ట్స్ట్ అంటే ఆర్టిస్టు, హౌసార్ట్స్ట్ అంటే ఇంటికి సున్నాలూ రంగులూ వేసేవాడు కాబోలనుకుని, మాది అద్దె ఇల్లే కదా అని ఊరుకున్నాను.

మా ఊళ్ళో, అంటే తణుకు పక్కన, ఫ్యామిలీ డాక్టర్ని వెతకడమనే పని లేదు. ఆర్‌ఎంపీ డాక్టరుగారే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవారు. సైకిలు హ్యాండిలుకి తోలుసంచి, అందులో స్టీలు డబ్బా, డబ్బాలో సూదులు. ఆ డబ్బా మా పొయ్యి మీదే మరిగేది. సూదులు గలగలమని చప్పుడు చేస్తుంటే నేను గాదె వెనక్కి పోయేవాణ్ణి. మా తాతగారి ఆయాసం నుంచి మా చిన్నత్త మలబద్ధకం దాకా ఆయనకి కంఠతా వచ్చు. అది రహస్యంగా ఉంచాలన్న పట్టింపు కూడా లేదు, అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేలానే అడిగేవారు. అలా పెరిగిన మనిషికి డాక్టర్ని పట్టుకోవడానికి ఒక ప్రయత్నం, ఒక వ్యూహం, ఒక వ్యాకరణం కావాలని ఎలా తడుతుంది?

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకున్నాను. ఆసుపత్రులన్నీ ఫోన్లెత్తేది ఎనిమిదింటికే. ఊరంతా చేసేదీ ఎనిమిదింటికే. ఎనిమిదీ పదిహేడుకి ఒక చోట లైను దొరికింది. మర్యాదగా, ముందే రాసుకుని వల్లెవేసిన వాక్యం అప్పజెప్పాను: కొత్త పేషెంట్లని చేర్చుకుంటున్నారా అండీ, అని. చిన్నప్పుడు గాయత్రి కూడా అంత నిష్ఠగా బట్టీపట్టలేదు. దానికావిడ జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది.

"గెజెట్స్‌లిష్ ఓడర్ ప్రివాట్?"

పాఠంలో ఈ ప్రశ్న లేదు. తెలుగు బుర్రతో ఆలోచించాను. గెజెట్స్ ఏదో అంటోంది, అంటే గెజిటెడ్డా, ప్రైవేటా అని. సర్కారు ఉద్యోగమా కాదా అని అడుగుతోందన్నమాట. మన దగ్గరా సంబంధాలకి వచ్చినవాళ్ళు అడిగేది అదేగా. నేను పనిచేసేది ప్రైవేటు కంపెనీ. అబద్ధమాడటం నాకు అలవాటు లేదు.

"ప్రివాట్," అన్నాను.

ఆ గొంతులో వెన్న కరిగింది. రేపు పొద్దున్న తొమ్మిదింటికి వీలవుతుందా, లేకపోతే తొమ్మిదిన్నరకా, మీకెలా అయితే అలా. ఇంత సుళువు పనికి ఆ గుంటూరు కుర్రాడు అంత భయపెట్టాడేమిటా అనుకుంటుండగా, ఇన్సూరెన్సు ఏ కంపెనీదని అడిగింది. ధీమాగా మా కాసె పేరు చెప్పాను. వెన్న గడ్డకట్టింది. "ఆఁ," అంది. ఆ "ఆఁ" ఎలా ఉందంటే, పెళ్ళిలో మొదటి పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి, బాబూ మీరు మగపెళ్ళివారేనా అని అడిగి, కాదని తేలాక లేపుతారు చూడండి, అప్పుడు నోట్లోంచి వచ్చే "ఆఁ" అది. ఆ తర్వాత ఒకటే మాట, "లైడర్". మొదటి రెండు ఫోన్లలో లైడర్ అంటే పెద్ద డాక్టరుగారి పేరనుకున్నాను. నాలుగో ఫోన్లోనూ లైడర్ అనేసరికి, ఒకే మనిషి ఇన్ని ఆసుపత్రులు నడుపుతున్నాడా అని ఆశ్చర్యపోయి నిఘంటువు చూశాను. లైడర్ అంటే "అయ్యో, కుదరదు" అనే అర్థంలో వాళ్ళ "అయ్యో".

మధ్యాహ్నం గుంటూరు కుర్రాడికి ఫోన్ చేస్తే వివరంగా చెప్పాడు. గెజెట్స్‌లిష్ అంటే చట్టప్రకారం నడిచే సర్కారు రకం బీమా, అంటే మనం. జీతం ఒక గీత దాటినవాళ్ళూ, సొంత వ్యాపారాలవాళ్ళూ కావాలంటే అందులోంచి బయటికెళ్ళి ప్రైవేటు తీసుకోవచ్చు. ప్రైవేటువాడికి డాక్టరు చేసిన ప్రతి పనికీ విడిగా బిల్లు వేస్తారు. దర పట్టికలో ఉన్నదానికి మామూలుగా 2.3 రెట్ల దాకా వెయ్యొచ్చు. మనలాంటివాడికైతే మూడు నెలలకోసారి ఇంతని ఒక ముద్ద ముడుతుంది. ఆ మూడు నెలల్లో ఒక్కసారి వచ్చినా, నెలకి రెండుసార్లొచ్చి దగ్గినా, ఆ ముద్ద పెద్దగా పెరగదు.

నాకు వెంటనే కాకినాడలో చదువుకున్న రోజుల మెస్సు కళ్ళముందు నిలబడింది. నెలకింతని కార్డు తీసుకున్న మేం నాలుగోసారి చారు అడిగితే ఓనరుగారు గోడమీద వెంకటేశ్వరస్వామి వైపు చూసేవారు. అదే టోకెన్ తీసుకుని తినే బయటివాడొస్తే అప్పడం అడక్కుండానే పడేది. అప్పట్లో ఆయన మీద కోపమొచ్చేది గానీ, ఇన్నేళ్ళకి ఆయన తప్పేం లేదనిపించింది. ఈ డాక్టర్లదీ తప్పేం లేదు. నాలుగోసారి చారు అడిగే మొహం నాది, అంతే.

"పైగా అన్నా," అన్నాడు గుంటూరు కుర్రాడు, "మీరు రాంగ్ టైములో పడ్డారు. క్వార్టర్ అయిపోయింది."

"ఏమిటయిపోయింది?" అంటూ వంటింట్లోంచి తొంగిచూసింది మా ఆవిడ. స్పీకర్లో పెట్టడం నా తప్పు.

జనవరి నుంచి మార్చి ఒక క్వార్టర్. అది ఐదు రోజుల్లో ముగుస్తుంది. ఈ చివర్లో కొత్తవాణ్ణి చేర్చుకుని కార్డు గీకి, ఫైలు తెరిచి, పుట్టుపూర్వోత్తరాలు రాసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. "ఒకటో తారీఖు దాటాక ఫ్రెష్‌గా కొత్త క్వార్టర్ ఓపెన్ అవుతుంది, అప్పుడు ట్రై చెయ్యండి," అన్నాడు. ఒకటో తారీఖు సెలవు కాబట్టి రెండో తారీఖు. మా ఆవిడ ఆ పూటంతా నన్ను అదోలా చూసింది. జర్మనీలో పద్ధతి వేరే అని ఎంత చెప్పినా, జ్వరంలో ఉన్నవాడి మాట సాక్ష్యానికి పనికిరాదు.

బుధవారానికి పట్టుదల వచ్చింది. ఫోన్లో కాదనడం తేలిక, మనిషి ఎదురుగా నిలబడితే కష్టం అనే సూత్రం ఒకటి ఉంది కదా. మఫ్లరు చుట్టుకుని వీధిన పడ్డాను. పొద్దున్నపూటే వెళ్ళాలి, బుధవారం మధ్యాహ్నం ఇక్కడ చాలామంది డాక్టర్లు తలుపులేసుకుంటారు. రోగాలకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఇక్కడ డాక్టర్ల బోర్డులు మన ఊళ్ళోలా దూరం నుంచి కనపడవు. దీపాలు లేవు, డిగ్రీల దండకం లేదు, డాక్టరుగారి నవ్వు మొహం అసలే లేదు. మేడ గుమ్మం పక్కన అరచెయ్యంత పలక, పేరు, కిందో రెండు పంక్తులు. కొన్నిటి మీద కేవలం ప్రైవేటు అని ఉంటుంది. దాని ముందు నేను నిలబడటం కూడా అనవసరం. చాలావాటి మీద ఉండేది ఇది: ప్రివాట్ ఉండ్ ఆలె కాసెన్. ప్రైవేటూ, అన్ని కాసెలూ అని అర్థం. జర్మన్ టీచరు దాన్ని ఎలా పలికినా, నా తెలుగు కంటికి ఆ చివరి రెండు మాటలూ ఏదో పద్యం చివరి పాదంలా కనపడ్డాయి. ఆలే కాసెన్. భార్యయే కాపాడెను, అని. జ్వరం ఎక్కువైందనుకున్నాను.

మూడో మేడ దగ్గర పలక మీద ఫ్రౌయెనార్ట్స్ట్ అని ఉంది, కింద ఆలె కాసెన్ కూడా ఉంది. ఫ్రౌ అంటే ఆడమనిషి, ఆర్ట్స్ట్ అంటే డాక్టరు. లేడీ డాక్టరు! చెయ్యి తేలిగ్గా ఉంటుంది, మనసు మెత్తగా ఉంటుంది, మరీ కాదనదు. మెట్లెక్కి లోపలికెళ్ళాను. గదిలో ఐదుగురు ఆడవాళ్ళు, నలుగురికి నిండు కడుపులు. మూల కుర్చీలో ఒక కుర్రాడు భార్య కోటు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఈ పేటలో ఆడవాళ్ళకే రోగాలు ఎక్కువలా ఉన్నాయనుకున్నాను తప్ప ఇంకేం తట్టలేదు. కౌంటర్లో ఆవిడ నన్ను చూసి చాలా ఆప్యాయంగా అడిగింది.

"మీ భార్య ఎక్కడ?"

"ఇంట్లో."

"ఎన్నో నెల?"

"ఎవరికి?"

"మీ భార్యకి."

"భార్యకేం లేదండీ. నాకే. సోమవారం నుంచి."

కోటు కుర్రాడు మొదటిసారి తలెత్తాడు. ఆ ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, నా బల్లపరుపు కాని పొట్ట వైపు ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం చూసి, చాలా మర్యాదగా తలుపు చూపించింది. మెట్లు దిగుతుంటే వెలిగింది: మన దగ్గర మాత్రం లేడీ డాక్టరంటే ఎవరు? నా అనువాదంలో తప్పు లేదు. అర్థం చేసుకోవడంలోనే ఉంది.

ఆ తర్వాత మూడు తలుపులు చూశాను. మొదటి దాని మీద, సెలవులో ఉన్నాం, అత్యవసరమైతే మా బదులు ఫలానా డాక్టరు చూస్తారు అని కాగితం, అడ్రసుతో సహా. ఆ అడ్రసుకి వెళ్తే అక్కడా అలాంటి కాగితమే, ఇంకో అడ్రసు. ఆ మూడో తలుపు మీద కాగితం గాలికి ఎగిరిపోయినట్టుంది, టేపు ముక్కలు నాలుగూ మిగిలాయి.

ఇంటికొచ్చి 116117కి చేశాను. డాక్టర్లు లేని వేళల్లో ఆదుకునే నంబరది. ప్రాణం మీదికొస్తే 112, అంతకి తక్కువైతే ఇది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక పెద్దాయన ఎత్తి ఓపిగ్గా అన్నీ విన్నాడు. ఊపిరాడుతోందా? ఆడుతోంది. ఛాతీలో నొప్పి? లేదు. అయితే టీ తాగి పడుకోండి, పండగయ్యాక మీ ఫ్యామిలీ డాక్టర్ని కలవండి. నాకు ఫ్యామిలీ డాక్టరు లేడండీ. అలాగైతే ఎలా, ఒకర్ని చూసుకోవాలి, అన్నాడు. సంబంధం కుదరని అబ్బాయికి పెళ్ళి చేసుకో నాయనా అని హితవు చెప్పినట్టుంది.

అదే రాత్రి మా నాన్న ఫోన్ చేశారు. జ్వరమని మా ఆవిడ ముందే చేరవేసింది.

"డాక్టరు ఏమన్నాడ్రా?"

"ఇంకా దొరకలేదు నాన్నా."

"దొరక్కపోవడమేంట్రా? జర్మనీలో డాక్టర్లు లేరా?"

"ఉన్నారు. కార్డు తీసుకునేవాళ్ళు కావాలి."

"కార్డు ఉందన్నావుగా?"

"ఉంది."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన గొంతులో మా జిల్లా మొత్తం గర్వం వినిపించింది. "మాకిక్కడ డాక్టరే ఊళ్ళోకొస్తున్నాడ్రా. 104 బండిలో నెలకి రెండుసార్లు. దాని పేరే ఫ్యామిలీ డాక్టరు. నిన్ననే బీపీ చూసి మాత్రలిచ్చి వెళ్ళాడు."

నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతోనే 2023 ఏప్రిల్లో మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టరు తనకి అప్పజెప్పిన ఊళ్ళకి నెలకి రెండుసార్లు వెళ్ళాలని అప్పటి లెక్క. అయితే మా నాన్న చెప్పని రెండో సగం నాకు తెలుసు. ఆయన బీరువాలో చీరల కింద పదిలంగా ఒక ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. 2007లో ఆ పథకం పుట్టిన దగ్గర్నుంచీ అది పెద్ద జబ్బుల కార్డు. గుండెకి స్టెంటు వెయ్యాలంటే లక్షలు పెడుతుంది. పడిశం పడితే మాత్రం నిన్నెప్పుడూ చూడలేదంటుంది. అందుకే మా నాన్నకి గుండె మీద ఏ భయమూ లేదు, పడిశమంటేనే భయం. 104 బండి రాని రోజున జ్వరమొస్తే ఇప్పటికీ జేబులోంచి తీసి ఆర్‌ఎంపీ గారి కొడుక్కే ఇస్తారు. సైకిలు పోయి మోటారుసైకిలొచ్చింది, అంతే తేడా. నాకిక్కడ పడిశానికి కూడా చెల్లే కార్డుంది, చెల్లించుకునేవాడు లేడు. ఇద్దరం కార్డులు పట్టుకుని చెరో ఖండంలో కూర్చుని దగ్గుతున్నాం. ఈ మాట ఆయనతో అనలేదు. గెలిచిన ఆనందంలో ఉన్నారు, ఉండనిద్దాం.

గురువారం నేను లేచేసరికి మా ఆవిడ ఇంట్లో లేదు. పిల్ల టీవీ ముందు ఉంది. ఎనిమిదిన్నరకి ఒక చేత్తో కొత్తిమీర కట్ట, రెండో చేతిలో కొట్టు బిల్లు వెనకాల రాసిన ఏదో అడ్రసుతో తిరిగొచ్చింది.

"స్నానం వద్దు, మొహం కడుక్కుని రండి. పదీ నలభైకి టైమిచ్చారు."

"ఎవరు?"

"డాక్టరమ్మ."

జరిగిందిది. ముందురోజు సాయంత్రం సరుకులు కొనడానికి వెళ్ళినప్పుడు, టర్కీవాళ్ళ కొట్లో ఉండే అమ్మాయికి నా గోడు వెళ్ళబోసుకుందట. ఏ భాషలో అని అడిగాను. "కొంచెం జర్మను, కొంచెం చేతులు," అంది. ఆ అమ్మాయి తన డాక్టరమ్మ అడ్రసు బిల్లు వెనకాల రాసిచ్చి, ఫోన్ చెయ్యొద్దు, పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో ఉండు అని చెప్పిందట. ఏడుంబావుకల్లా మా ఆవిడ గుమ్మంలో ఉంది. అప్పటికి తను వారానికి రెండుసార్లు జర్మన్ క్లాసుకి వెళ్తోంది. ఇంకా క్రియాపదాల దాకా రాలేదు. కౌంటర్లో ఆవిడ రాగానే కార్డు ముందు పెట్టి, వచ్చిన మూడు మాటలూ చెప్పింది:

"మైన్ మన్ కాపుట్."

మైన్ మన్ అంటే మా ఆయన. కాపుట్ అంటే వాషింగ్ మిషనో, లిఫ్టో పనిచెయ్యడం మానేస్తే అనే మాట. మా ఆయన పాడైపోయాడు.

కౌంటర్లో ఆవిడ ముందు పెన్ను కిందపెట్టిందట, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుందట, ఆ తర్వాత లోపలికెళ్ళి డాక్టరమ్మకి చెప్తే లోపల్నుంచి కూడా నవ్వు వినపడిందట. గెజెట్స్‌లిష్షా ప్రైవేటా అని ఎవరూ అడగలేదు. క్వార్టర్ ఊసే లేదు. నేను రెండు రోజులు వ్యాకరణం తప్పకుండా, విభక్తి ప్రత్యయాలతో సహా అడిగినదానికి లైడరే జవాబయింది.

పదింబావుకి మేడ కింద నిలబడ్డాం. గుమ్మం పక్కన ఇత్తడి పలక. కింది పంక్తిలో అవే రెండు మాటలు. నేను కదలకుండా చూస్తుంటే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. బోర్డు చదువుతున్నా."

బవేరియాలో డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలోకి అడుగుపెడుతూ గ్రూస్ గాట్ అనాలి. కూర్చున్నవాళ్ళంతా పురాణం వింటున్నట్టు ఒక్క గొంతుతో గ్రూస్ గాట్ అంటారు. వెంటనే అందరూ మళ్ళీ ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకుంటారు. ఏం జబ్బు, ఎన్నాళ్ళనుంచి, ఏం వాడుతున్నారు అని పక్కవాణ్ణి అడగరు. మన దగ్గరైతే ఈపాటికి సగం వైద్యం బెంచీ మీదే అయిపోయేది. అలా కూర్చుని ఉండగా లోపల్నుంచి ఎవరో ఎవర్నో పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. ఎవడో చెవిటివాడు పాపం అనుకున్నాను. మూడోసారి కౌంటర్లో ఆవిడే వచ్చి నా ముందు నిలబడింది. ఆవిడ పిలుస్తున్నది మా ఇంటిపేరు. ఐదు అక్షరాల పేరు ఆవిడ నోట్లో రెండు అచ్చులు పోగొట్టుకుని, ఒక దగ్గు చేర్చుకుని బయటికొచ్చింది. మా తాతగారు విన్నా పలికేవారు కాదు.

డాక్టరమ్మకి అరవై ఉంటాయి. లేచొచ్చి చెయ్యి కలిపింది. గొంతులో చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమంది, చెవిలో థర్మామీటరు పెట్టింది. 38.4. అంటే మన లెక్కలో 101 దాటింది. వైరస్సు, అంది. నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఇప్పుడు రాస్తుంది కదా.

"టీ," అంది.

"టీ?"

సాల్బై అనే ఆకు టీ. వేడిగా, ఎక్కువగా తాగాలి. యాంటిబయాటిక్? నవ్వి తల అడ్డంగా ఊపింది, వైరస్సుకి అది పనిచెయ్యదు. పోనీ ఇంజెక్షన్? ఆ మాట జర్మన్‌లో తట్టక జబ్బ మీద వేలితో పొడిచి చూపించాను. ఆవిడ టీకా అనుకుంది. ఫ్లూ టీకా కోసం అక్టోబరులో రమ్మంది. అప్పుడు ఇంకొకటి చెప్పడానికి మాటల కోసం వెతుక్కుని, మా ఇద్దరికీ అర్థం కావాలని లేచి, బల్ల మీదికి వంగి, రెండు చేతులతో తల మీద తుండుగుడ్డ కప్పుకున్నట్టు చూపించి, ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చింది.

మా ఆవిడకి జర్మన్ అక్కర్లేకపోయింది. మెల్లగా నావైపు తిరిగింది. ఏమీ అనలేదు. ముప్ఫైయేళ్ళ తర్వాతయినా ఎప్పుడో ఒక రోజు అంటుందని నాకు తెలుసు.

చివరికి ఒక చీటీ రాసింది, నొప్పీ జ్వరమూ ఎక్కువైతే వేసుకోడానికి మాత్రలు. ఆకుపచ్చ కాగితం. ఆ రంగు చూసి ముచ్చటపడ్డాను. మందుల షాపులో తెలిసింది, ఆకుపచ్చ చీటీ అంటే సలహా డాక్టరుది, డబ్బు మనది. చీటీ లేకుండా కొనుక్కోదగిన మాత్రలకి పెద్దవాళ్ళ విషయంలో కాసె పైసా ఇవ్వదు.

సెలవు దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి చాలా ధారాళం. పండగ వెళ్ళాక ఆ శుక్రవారం దాకా పనిచెయ్యకూడదంది. మంగళవారం ఆఫీసులో రిలీజుందండీ, సోమవారం దాకా చాలు అని బేరమాడాను. ఇన్నేళ్ళుగా రోగులతో బేరమాడిన మనిషే గానీ, తక్కువ సెలవు కోసం బేరమాడినవాణ్ణి చూసినట్టు లేదు. "మీరు లేకపోయినా కంపెనీ బతుకుతుంది," అని మీట నొక్కేసింది. మా ఆర్‌ఎంపీ గారు సూది వేసి, ఇక పొలం వెళ్ళొచ్చు అనేవారు. ఈవిడ సూది వెయ్యదు, పొలం వెళ్ళనివ్వదు.

బయటికొస్తూ అలవాటుకొద్దీ కౌంటరు దగ్గర ఆగి పర్సు తీశాను. ఎంతండీ? ఆవిడకి అర్థం కాలేదు. ఏమీ లేదు, వెళ్ళొచ్చు. 2004 నుంచి 2012 దాకా మూడు నెలలకోసారి పది యూరోలు కౌంటర్లో కట్టేవారట, ఆ తర్వాత తీసేశారు. తీసెయ్యకుండా ఉండాల్సిందేమో. డాక్టరు బల్ల మీద నోటు పెడితే గానీ సగం జ్వరం దిగని ఒళ్ళు నాది. పర్సు మళ్ళీ జేబులో పెట్టుకుంటుంటే ఏదో అప్పు తీర్చకుండా వెళ్ళిపోతున్నట్టనిపించింది.

జ్వరం ఈస్టర్‌నాటికి తగ్గింది. టీ వల్లో, ఆవిరి వల్లో, మిరియాల పాల వల్లో చెప్పను. ఇంట్లో ఆ చర్చకి తావు లేదు.

జులైలో నడుం పట్టేస్తే మళ్ళీ వెళ్ళాను. కొత్త క్వార్టర్ కాబట్టి కార్డు మళ్ళీ గీకాలి. ఈసారి దర్జాగా గ్రూస్ గాట్ అని, జవాబందుకుని, నా మోకాళ్ళు నేను చూసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి కౌంటర్లో ఆవిడ తెర మీద మా ఇంటిపేరు చూసి నోరు తెరిచింది. మొదటి అక్షరం దాకా వెళ్ళింది. ఆగింది. కళ్ళజోడు పైనుంచి నావైపు చూసి, గొంతు తగ్గించి, చాలా గౌరవంగా పిలిచింది.

"హెర్ కాపుట్?"

ఒక్క పిలుపుకే లేచాను.